కట్టెల పొయ్యిలో నిప్పు నిలువకుండుటకు కారణములు, నివారణోపాయములు

నిప్పును పుట్టించుట ఒక యెత్తు, పుట్టిన నిప్పును నిలుపుకొనుట మరియొక యెత్తు. ఈ రెండవ విద్య మన పెద్దలకు చేతివాటముగ అబ్బినది. నేడు పెక్కు వంటయిండ్లలో గ్యాసుపొయ్యి వెలసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును ఆరంభమైన పిదప గ్యాసుబండ పల్లెలకును చేరినది. ఐనను కట్టెల పొయ్యి మనలను పూర్తిగ విడిచిపోలేదు. పెరటిలో స్నానమునకు నీళ్లు కాగుటకు, కార్తిక వనభోజనములకు, పెండ్లివంటకు, గ్యాసుబండ నిండుకొన్న నాటి పూటకు నేటికిని కట్టెయే దిక్కు. కొందరి యిండ్లలో నిత్యవంటయు దానిమీదనే జరుగుచున్నది.

తెలుగుసీమ వెలుపల తరతరములుగ స్థిరపడిన మనవారు ఇంటిలో ‘పొయ్యి’ అను మాటను నిలుపుకొనిరి. గడప దాటినంతనే తమిళనాట అడుప్పనియు, కన్నడనాట ఒలె యనియు, మహారాష్ట్రమున చూల్ అనియు, ఒడిశాలో చులి యనియు ఆ వస్తువునే వినుచుందురు. పేర్లు వేరైనను ఫిర్యాదు ఒక్కటే: ‘పొయ్యి అంటుకొనును గాని మండదు, ఊదుచున్నంతసేపు మండి, ఊదుట మానినంతనే ఆరిపోవును.’ అట్టియెడ కట్టెలమ్మినవానిని నిందించుట, లేదా వంట చేయు ఇల్లాలికి పొయ్యి రాజేయుట రాదని యెత్తిపొడుచుట మనలో వాడుక. ఈ రెండును పరిష్కారములు కావు. ఆరిపోవు మంట తాను ఎందుల కారిపోవుచున్నదో తానే తెలుపును. పొగ రంగు, కట్టె కొన, నిప్పుకణికల తీరు చూచి కారణమును పోల్చవచ్చును. ఆ పోలిక యెట్లు పట్టవలెనో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మంట స్వభావము

కట్టె మండుచున్నదని మనము వాడుకగ అందుము. నిజమునకు మంటగ కనబడునది కట్టెనుండి వెలువడిన వాయువు. కట్టెకు వేడి తగిలినపుడు మొదట అందలి నీరు ఆవిరియై పోవును. పిదప సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన మీదట కట్టె విచ్ఛిన్నమై మండెడి వాయువులను విడుచును. ఎండిన కట్టె తూకములో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఈ విధముగనే పోవును. మిగిలినది బొగ్గు, అదియే నిప్పుకణికయై మెల్లగ కాలును.

వెలువడిన వాయువు పూర్తిగ మండుటకు రెండు కావలెను: తగినంత గాలి, 600 డిగ్రీలకు మించిన వేడిమి. ఒక కిలో ఎండుకట్టె కాలుటకు సుమారు 6 కిలోల గాలి, అనగా 5 ఘనమీటర్లు, అవసరము. వీనిలో ఏది కొరవడినను వాయువు మండక పొగగ తప్పించుకొని పోవును. కావున పొగ యనునది కేవలము కంటికి బాధ కాదు. మనము కొని తెచ్చిన కట్టె వంటకు ఉపయోగపడకుండ పైకి లేచిపోవుటయే.

మంటవలన పుట్టిన వేడి మరల కట్టెను తాకి క్రొత్త వాయువును వెలువరింపవలెను. ఆ వాయువు మండి మరల వేడి నీయవలెను. నిప్పు నిలుచుట యనగా ఈ చక్రము తెగకుండ తిరుగుట. అది తెగు చోటులు ముఖ్యముగ మూడు: కట్టెలోని తడి, గాలి కొరత, సెగ కొరత. పొగగొట్టము గల పొయ్యిలకు నాలుగవది యొకటి చేరును.

మొదటి కారణము: కట్టెలోని తడి

17వ శతాబ్దపు తార్కికుడును, తెలుగువాడని ప్రసిద్ధుడును ఐన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున పొగను నిప్పును గూర్చిన చర్చలో ఒక చక్కని విషయము చూపెను. పొగ యున్నచోట నిప్పున్నదని యూహింపవచ్చును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని చెప్పరాదు. ఎఱ్ఱగ కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పుతోపాటు తడి యింధనముతోడి కూడిక యుండవలెను, దానినే ఆర్ద్రేంధనసంయోగమనిరి. తర్కవిద్యార్థులు వల్లించు ఈ మాట వంటయింటికిని వర్తించును. గాలియు సెగయు చాలనపుడు ఎండుకట్టెయు పొగయునని నేటి శాస్త్రము దీనికి చేర్చినది. ఐనను మన పొయ్యిలలో కనబడు పొగకు తడికట్టెయే ప్రథమకారణము.

అప్పుడే నరికిన పచ్చికట్టె తూకములో సగమువరకు నీరే యుండవచ్చును. గాలికి చక్కగ ఆరిన కట్టెలో అది 15 నుండి 20 పాళ్లకు దిగును. నీరు పూర్తిగ పోయిన కిలో కట్టెనుండి సుమారు 4400 కిలోకేలరీల వేడి లభించును. నూటికి 20 పాళ్లు నీరున్న కట్టెనుండి సుమారు 3400. సగము నీరే యున్నచో 1900 మాత్రమే. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. పచ్చికట్టె నీరు విడుచుచున్నంతసేపు తన చుట్టునున్న వేడినెల్ల లాగికొనును. అందుచే ప్రక్కనున్న ఎండుకట్టెయు చల్లబడి, వాయువు మండదగిన వేడిమి యేర్పడదు. తెల్లని దట్టపు పొగ, కట్టె కొనయందు నురుగు, సుయ్యిమను చప్పుడు, ఈ మూడును కనబడినచో వేరు కారణము వెదకనక్కరలేదు.

కట్టె కొనునపుడే పరీక్షింపవచ్చును. ఆరిన కట్టె కొనలయందు చక్రపు ఆకులవలె పగుళ్లుండును; బెరడు సులువుగ ఊడును; రెండు ముక్కలను తాడించినచో కణకణమని మ్రోగును. పచ్చికట్టె చప్పుడు మొద్దుగ నుండును. చేతికి బరువు తెలియును. ఇంకను నిశ్చయముగ తెలిసికొనవలెనన్నచో ఒక ముక్కకు గుర్తుపెట్టి వారమున కొకమారు తూచి చూడుడు. ఎప్పుడు తూకము తగ్గుట ఆగునో అప్పుడది ఆరినట్లు.

దుంగను దుంగగనే యుంచినచో ఏండ్లకును లోపల తడి పోదు. చీల్చినపుడే నీరు వెలుపలికి దారి దొరకును. మణికట్టు లావున చీల్చిన కట్టెకు వేసవిలో రెండు మూడు నెలలు చాలును. నేలనుండి జానెడెత్తున రాళ్లమీద, పైన కప్పు కలిగి ప్రక్కలు తెరచిన చోట, నడుమ సందులు విడిచి పేర్చవలెను. వానకాలమున గోనెపట్టాతో నలుప్రక్కల బిగించి కప్పుట వలన లోని తడి లోననే నిలుచును. పైభాగము మాత్రము కప్పుట మేలు.

ఆయా ప్రాంతముల కట్టె స్వభావమును ఎరుగుటయు అవసరమే. మనవారు సర్కారుతుమ్మ యనునది తమిళనాట సీమై కరువేలం. కన్నడనాట బళ్ళారి జాలి. అది గట్టి కట్టె. ఎండినచో మంచి సెగయు, చాలసేపు నిలుచు కణికలును ఇచ్చును. యానాము పరిసరములందలి సముద్రతీరమున దొరకు సరుగుడు, తమిళులు సవుక్కు అనునది, ఇట్టిదే. ఒడిశా అడవిప్రాంతముల సాలకట్టె మిక్కిలి గట్టిది. సన్నగ చీల్చనిదే సులువుగ అంటుకొనదు. కొబ్బరిమట్ట, తాటాకు, కందికట్టె భగ్గున మండి చప్పున చల్లారును. ఇవి నిప్పు పుట్టించుటకే గాని నిలుపుటకు పనికిరావు. వీనితోనే వంట సాగించువారికి ‘నిప్పు నిలువదు’ అను చిక్కు సహజము. వానితోపాటు గట్టికట్టె రెండు పేళ్లు చేర్చుటయే దానికి మందు.

రెండవ కారణము: గాలి కొరత

కట్టె చక్కగ ఎండియు నిప్పు నిలువనిచో గాలి దారిని చూడవలెను. ఊదుగొట్టమే ఇందుకు పరీక్షాసాధనము. ఊదినపుడు మంట ఉజ్జ్వలముగ లేచి, మానినంతనే కుంగినచో ఆ పొయ్యికి తనంతట తాను గాలి పీల్చుకొను శక్తి లేదని యర్థము. ఊదినను మంట రాక పొగయే హెచ్చినచో మరల కట్టె తడిని అనుమానింపవలెను.

గాలి నడ్డగించునవి నాలుగు. మొదటిది బూడిద. ‘నివురు గప్పిన నిప్పు’ అను పలుకుబడి మనకు తెలిసినదే. రాత్రి కణికలపై బూడిద కప్పి, తెల్లవారి దానిని తొలగించి నిప్పు రాజేయుట పూర్వపు వాడుక. బూడిద గాలిని అరికట్టుటచేతనే నిప్పు మెల్లగ కాలుచు తెల్లవారువరకు నిలిచెడిది. రాత్రి కాపాడిన ఆ గుణమే వంటవేళ చేటగును. కావున ప్రతిదినము బూడిద తీయవలెను. ఐతే అడుగు నున్నగ ఊడ్వరాదు. వ్రేలెడు మందము బూడిద నేల చల్లదనమును కణికలకు తగులనీయదు.

రెండవది కట్టెలను కిక్కిరియ గూర్చుట. మంట తగ్గినదని మరిరెండు కట్టెలు దూర్చినచో పొయ్యినోరు మూసికొని మంట ఇంకను తగ్గును. పొయ్యినోటిలో సగమైనను ఖాళీగ నుండవలెను. మూడవది కట్టెలు నేలకంటి యుండుట. గాలి క్రిందినుండి వచ్చినపుడే కణికలను చేరును. కట్టెలను నోటివద్ద ఇటుకముక్కపై ఆనించుట, లేదా పొయ్యిలో ఇనుపజల్లెడ యుంచుట దీనికి ఉపాయము. నాలుగవది పాత్ర. పాత్ర ఆనుటకై పొయ్యి అంచున నిలుపు మూడు గడ్డలు అరిగిపోయినచో పాత్ర అడుగు పొయ్యినోటిని మూతవలె కప్పును. వెలుపలికి పోవుటకు దారిలేని పొగ, క్రొత్తగాలిని లోనికి రానీయదు. ఆ గడ్డలను మట్టితో మరల నిలిపి వ్రేలెడు సందు విడిచినంతనే పెక్కు పొయ్యిలు బాగుపడును. సందు మరీ హెచ్చినచో సెగ ప్రక్కలకు పోయి వంట ఆలస్యమగును.

మూడవ కారణము: సెగ కొరత

ఎండుకట్టెయు గాలియు ఉండియు మంట ఆరుచున్నచో వేడి నిలుచుటలేదని గ్రహింపవలెను. ఒంటికట్టె మండదని ప్రతి వంటవానికిని తెలియును. దానికి కారణ మిది: ఒక్క కట్టె పొందిన వేడి నలుదిక్కుల పోవును. రెండు మూడు కట్టెల కొనలు అంగుళము లోపు దూరమున నెదురెదురుగ నున్నపుడు ఒకదాని సెగ మరియొకదానికి చేరును. కట్టెలు కాలినకొలది కొనల నడుమ దూరము హెచ్చును. కావున వానిని తఱచు లోనికి జరుపవలెను. ఈ చిన్నపని మరచుటవలననే నడుమ వంటలో పొయ్యి చల్లారుట తఱచు జరుగును.

క్రమమును పాటింపక లావుకట్టెను తొలుతనే పెట్టుట మరియొక లోపము. మొదట కొబ్బరిపీచు, ఎండుటాకు, పిదప చితుకులు, పిదప వ్రేలిలావు పుల్లలు, అవి కణికలైన తరువాతనే మణికట్టు లావు పేళ్లు. అడుగున గుప్పెడు ఎఱ్ఱని కణికలు ఏర్పడువరకు లావుకట్టెను ముట్టరాదు. కణికల పాన్పు ఏర్పడిన పిదప మంట ఒకమారు కుంగినను మరల తానే లేచును.

పొయ్యి తడిగ నున్నను సెగ నిలువదు. క్రొత్తగ అలికిన పొయ్యి, వానజల్లుకు తడిసిన పెరటిపొయ్యి, తమ తడి ఆరువరకు వేడిని తామే పీల్చుకొనును. అట్టి పొయ్యిలో చితుకులతో కొంతసేపు చిన్నమంట నడపి, పిదప వంట ప్రారంభింపవలెను. పొయ్యిగర్భము మరీ విశాలమైనను చిన్నమంట దానిని వేడిచేయజాలదు. లోపల రాతిముక్కలు పేర్చి మట్టితో మెత్తి ఇరుకు చేయుట మేలు.

పొగగొట్టము గల పొయ్యిలు

పొగను ఇంటివెలుపలికి పంపు పొయ్యిలకై మనదేశమున జరిగిన కృషి చిన్నది కాదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చూల్హా రూపొందినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని నిర్మించి, 1953లో దానిని వివరించు గ్రంథమును ప్రకటించిరి. పిదప బెంగుళూరు భారత విజ్ఞానసంస్థలోని ఆస్త్ర విభాగమువారు మూడు పాత్రల ఆస్త్ర ఒలెను ప్రచారములోనికి తెచ్చిరి. 1983 చివర ఆరంభమైన జాతీయ మెరుగైన పొయ్యిల పథకము 2002 వరకు నడచినది. ఈ పొయ్యిలలో పెక్కు కొంతకాలమునకే మూలపడినవి. వానిని వాడుకలో నిలుపుటకు కావలసిన మరమ్మతు, శుభ్రము ఇంటింట జరుగకపోవుట అందుకొక ముఖ్యకారణము.

వీనిలో నిప్పు నిలువనిచో మొదట చూడవలసినది పాత్రలు కూర్చుండు రంధ్రములను. సాధారణపు పొయ్యికి పాత్రక్రింద సందు అవసరము. పొగగొట్టపు పొయ్యికి సందే శత్రువు. పాత్రచుట్టు సందున్నను, ఒక రంధ్రము ఖాళీగ నున్నను గొట్టము అక్కడనుండియే గాలిని లాగికొనును. పొయ్యినోటివద్ద నున్న నిప్పునకు గాలి చేరదు. పాత అలవాటుచే క్రొత్తపొయ్యిపై గడ్డలు నిలిపినచో ఆ పొయ్యి మండకపోవుటలో వింత లేదు. పాత్ర రంధ్రమునకు సరిగ నమరవలెను; వాడని రంధ్రముపై మూత యుంచవలెను.

రెండవది మసి. గొట్టమునందును, పొయ్యిలోని సొరంగమునందును మసి పేరుకొని దారి ఇరుకగును. నిత్యము వాడు పొయ్యికి నెలకొకమారైనను దానిని దులుపవలెను. మూడవది గొట్టపు ఎత్తు. అది ఇంటికప్పు శిఖరమునకు రెండుమూడడుగులు మించనిచో గాలివాటునకు పొగ క్రిందికి త్రోయబడును. పూరియింటిలోనైతే గొట్టము కప్పును తాకకుండ చుట్టును మట్టి, ఇటుకలతో కాపు కట్టవలెను, లేనిచో ప్రమాదము. నాలుగవది చల్లని గొట్టము. వేడిగాలి తేలికగుటచే పైకి లేచును. అదియే గొట్టపు బలము. ఉదయమున గొట్టము చల్లగ నున్నపుడు ఆ బలముండదు. గొట్టపు మొదట ఒక ఎండుతాటాకు వెలిగించి కాల్చినచో దారి వేడెక్కి గాలి లాగుట ఆరంభించును. పొయ్యినోటివద్ద అగరువత్తి పట్టి చూడుడు: దాని పొగ లోనికి పోయినచో గొట్టము పని చేయుచున్నది; వెలుపలికి వచ్చినచో పైవానిలో ఏదియో లోపము కలదు.

గాడిపొయ్యి

సంఘముల వనభోజనములకును, పెండ్లిండ్లకును త్రవ్వు గాడిపొయ్యి విషయము వేరుగ చెప్పవలెను. నేల త్రవ్వినందున తడి మట్టి సెగను పీల్చును; గాడి పొడవైనందున నడిమి పాత్రకు గాలి చాలదు. ముందునాడే గాడి త్రవ్వి ఎండనిచ్చుట, గాలి వీచు దిక్కునకు దాని నోరుంచుట, పాత్రకు పాత్రకు నడుమ జానెడు ఖాళీ విడుచుట, వీనిచే వంద మందికి వండువారి శ్రమ ఎంతయో తగ్గును. గాలి పెనువడిగ నున్నపుడు మాత్రము నోటికి అడ్డుగ రేకు నిలుపవలెను. నిప్పురవ్వలు పందిటిమీదికి పోవును.

పరీక్షించు వరుస

నిప్పు కుంగినపుడు తొందరపడి ఒకేమారు అన్నియు మార్చరాదు. మొదట కట్టెకొన చూడుడు: నురుగు, సుయ్యిమను చప్పుడు ఉన్నచో ఆ కట్టెను తీసి ఎండుకట్టె పెట్టుడు. లేనిచో బూడిద తీసి, ఒక కట్టె తగ్గించుడు. పిదప పాత్రను క్షణకాలము పైకెత్తుడు: మంట లేచినచో పాత్రక్రింది సందు చాలదు. లేవనిచో కట్టెకొనలను దగ్గరకు జరుపుడు; కణికలు చాలనిచో చితుకులు చేర్చుడు. గొట్టపు పొయ్యియైనచో రంధ్రములు, మసి, గొట్టపు చల్లదనము వరుసగ చూడుడు. ఒకమార్పు చేసి, నాలుగైదు నిమిషములు వేచి, పిదపనే మరియొకటి చేయవలెను. అప్పుడే దోష మెక్కడనున్నదో తేలును.

చేయరాని పనులును కలవు. కుంగిన నిప్పుపై కిరోసినుగాని పెట్రోలుగాని పోయుట ప్రాణాంతకము; కంటికి కనబడని కణిక చాలును, మంట డబ్బావరకు పాకుటకు. ప్లాస్టిక్ సంచులతో పొయ్యి రాజేయరాదు; ఆ పొగ విషము. చలికని తలుపులు మూసి గదిలో కణికల కుంపటి నుంచుకొని నిద్రించుట మరింత ప్రమాదము. పొగయు వాసనయు లేకయే కార్బన్ మోనాక్సైడు ప్రాణము తీయును.

పొయ్యి పొగయుటను చిన్న చికాకుగ భావించువారు ఒక్కసంగతి గమనింపవలెను. కట్టె, పిడక, బొగ్గు, కిరోసిను మున్నగు ఇంధనముల వలని ఇంటిపొగ 2020లో ప్రపంచమున 32 లక్షల మరణములకు కారణమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. ఆ పొగలో ఎక్కువసేపు కూర్చుండువారు మన తల్లులును, అక్కచెల్లెండ్రును, వారి ఒడిలోని పసిబిడ్డలును. వీలైన యింట నిత్యవంటకు గ్యాసునే వాడుట మేలు. వీలులేని యింట, కట్టె తప్పని పూట, పొయ్యిని సరిచేయుట ఇంటిలోని పురుషులకును విధియే. కట్టె చీల్చి ఆరబెట్టుట, గడ్డలు నిలుపుట, గొట్టము దులుపుట, వీనిలో దేనికిని ఖర్చు లేదు, శ్రద్ధయే కావలెను.

పూర్వము ఇంట వంట జరుగని దినమున ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అనెడివారు. అది లేమిని తెలుపు మాట. నేడు కట్టెయు బియ్యమును ఉండియు, పొయ్యి దోషమువలన ఇల్లాలు కన్నీటితో ఊదుచు కూర్చుండుట అంతకు తక్కువ లేమి కాదు. ఈసారి పొయ్యి పొగసినపుడు, ఎవరిని నిందించుటకును ముందు, ఇంటివారందరు ఒక్కమారు వంగి కట్టెకొనను, బూడిదను, పాత్ర అడుగును చూతురుగాక.